చీర మీద లేని పేరు

కుప్పం పక్క పల్లెల్లో పట్టు పురుగులు పెంచే ఇంటికి వెళ్తే మంచినీళ్లు ఇస్తారు గానీ షెడ్డులోకి రమ్మనరు. ఎంత కావలసిన చుట్టమైనా అంతే. ఇంటి మనిషి కూడా గుమ్మంలో చల్లిన సున్నం, బ్లీచింగు తొక్కి, చేతులు కడుక్కునే లోపలికి పోవాలి. రోగం దూరిందంటే పంటంతా పోయినట్టే. ఈ పట్టింపు చూస్తే నాకు ఎంతో గౌరవం.

ఈ రోగాల భయం కొత్తది కాదు. వైన్ ఎందుకు చెడిపోతుందో తేల్చిన శాస్త్రవేత్త లూయీ పాశ్చరే 1865 నుంచి దక్షిణ ఫ్రాన్సులో పట్టు పురుగుల పెబ్రిన్ రోగం వెంటపడ్డాడు. గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి మైక్రోస్కోపు కింద చూడాలి, రోగముంటే ఆ గుడ్లు పారేయాలి. ఆయన చెప్పిన ఈ పద్ధతే మన గుడ్ల కేంద్రాల్లో నేటికీ నడుస్తోంది.

పుంగనూరు, మదనపల్లె వైపు కూడా పట్టు పురుగుల పెంపకం ఇంటిల్లిపాదీ చేసే సేద్యం. మల్బరీ ఆకు చల్లటి పూట కోయాలి, తడి ఆకు వేయకూడదు. నాలుగు జ్వరాలు, అంటే పొర విడిచే నిద్రలు, దాటిన పురుగు, జన్మకంతా తినే ఆకులో ఐదింట నాలుగు వంతులు ఆ చివరి వారంలోనే తినేస్తుంది. ఆడవాళ్లకు కంటిమీద కునుకుండదు. పండిన పురుగును గుర్తుపట్టడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. మేత మానేస్తుంది, ఒళ్లు పల్చబడి తేనెరంగు తేలుతుంది, తల పైకెత్తి చోటు వెతుక్కుంటుంది. వెంటనే ఏరి, గూడు కట్టుకునే వెదురు తట్టలైన చంద్రికల మీద వేయాలి. రెండు మూడు రోజులు తల అటూ ఇటూ ఆడిస్తూ తెగని ఒకే పోగుతో గూడు కడుతుంది. మంచి గూటిలో ఆ పోగు కిలోమీటరు దాకా ఉంటుంది.

రైతు చిక్కంతా ఆ తర్వాతే. ఐదారు రోజులకు గూళ్లు విడిపించి అమ్మేయాలి. ఇంకో వారం ఆగితే రెక్కల పురుగు గూటికి కన్నం చేసుకుని బయటికొస్తుంది, ఇక దారం రాదు. అందుకే కర్ణాటకలోని శిడ్లఘట్ట మార్కెట్టుకో రామనగరానికో మూటలు మోసుకెళ్లి, ఆ పూట వేలంలో ఎంత పలికితే అంతకే ఇచ్చేస్తాడు.

సరుకు ఆపుకోలేని ఈ చిక్కును దాటిన కథ ఒకటి వైన్ లోకంలో ఉంది. ఫ్రాన్సులో బోర్డో దగ్గరి మూటన్ ద్రాక్షతోటను రోత్‌షీల్డ్ కుటుంబం 1853లో కొంది. వైన్ తయారుచేసి పీపాలతో వర్తకులకు అప్పగించేవాళ్లు. సీసాల్లో నింపేది వర్తకుడే. 1922లో ఆ కుటుంబపు ఇరవై ఏళ్ల ఫిలిప్ పగ్గాలు పట్టి, 1924 పంట మొత్తాన్ని తోటలోనే సీసాలకెత్తించాడు. నిల్వకు చోటు చాలక 1926లో వంద మీటర్ల గిడ్డంగి కట్టించాడు. 1855 బోర్డో వైన్ల వర్గీకరణలో రెండో శ్రేణి దగ్గర ఆగిన మూటన్ 1973లో మొదటి శ్రేణికి ఎక్కింది. సీసా మీది పేరు గురించి అందరూ చెబుతారు. నా మటుకు అసలు సంగతి ఆ గిడ్డంగి. సరుకు ఆపుకోగలిగినవాడే బేరం ఆడగలడు.

వాళ్లు కోటీశ్వరులు. మన రైతుకు ఒంటరిగా అది కుదరదు, సంఘంగా కుదురుతుంది. వేడిగాలితో ఆరబెట్టిన గూళ్లు నెలల తరబడి ఉంటాయి. ఆరబెట్టే యంత్రం, దారం తీసే యూనిట్టు రైతు సంఘాల చేతికి రావాలి. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాలకు ఇక్కడి దారం నేరుగా చేరాలి. అప్పుడు నేసినవారి పేరు పక్కన పురుగు పెంచిన ఊరి పేరూ చీర మీద వేయొచ్చు. ఈసారి పట్టుచీర కొనేటప్పుడు, ఈ పట్టు ఏ ఊరి తోటదని దుకాణంలో అడగండి.