ఒక్క మీటుకు అంత ఊపిరి

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో గిటార్ నేర్చుకునే కుర్రాణ్ణి గొప్ప వాద్యకారుల పేర్లు చెప్పమంటే జిమీ హెండ్రిక్స్ దగ్గర మొదలుపెడతాడు. తప్పేం లేదు. కానీ కరెంటుతో మోగే తీగల వాద్యాన్ని పట్టుకుని ప్రపంచం చేత ఔరా అనిపించిన తెలుగువాడు ఒకాయన ఉన్నారని అతనికి ఎవరైనా చెప్పాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లే.

ఆయన్ని తలచుకున్నప్పుడల్లా జనం రెండు మాటలంటారు: బాలమేధావి, మెరుపు వేగం. నా మటుకు ఆ రెండూ అసలు సంగతిని కప్పేస్తాయి. ఆయన విప్పిన చిక్కుముడి వేరే ఉంది.

మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలు. మీటగానే ఖణేల్మని మోగి, అంతలోనే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు స్వరం నిలవడానికి ఒకే తీగను గబగబా మీటుతూ పోతారు. కర్ణాటక సంగీతానికి అది చాలదు. మనకు గమకం కావాలి. స్వరం ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. జంట తీగల్ని కలిపి లాగితే రెండూ ఒకే శ్రుతిలో నిలవడం కష్టం. పైగా ఆ లాగేలోపే నాదం చచ్చిపోతుంది.

శ్రీనివాస్ జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, వాద్యాన్ని ఎలక్ట్రిక్ చేశారు. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆంప్లిఫయర్ తగిలించింది గట్టిగా వినిపించడానికే అనుకుంటే పొరపాటు. నాదం ఎక్కువసేపు బతుకుతుంది కాబట్టి కుడిచేయి ఒక్కసారి మీటి ఊరుకుంటే, ఎడమచేయి తీగ మీద జారుతూ, దాన్ని పక్కకు లాగుతూ, గాయకుడు ఒక్క ఊపిరిలో పాడే సంగతినంతా పలికించగలదు. రాక్ గిటారిస్టులు తీగను వంచి ఏడిపించేదీ ఈ నిలకడ ఆసరాతోనే.

కరెంటు వాద్యం కచేరీ వేదిక ఎక్కడమేమిటని సంప్రదాయవాదులు గొణిగారు. ఆళ్లగడ్డ శిల్పులు మోటు పనికి కరెంటు కట్టర్ పట్టినా దేవుడి కన్ను తీర్చేది ఉలితోనే కదా, ఇదీ అంతే: కరెంటు సాయమే, గమకం తీసేది చేయే.

ఆ వాద్యం గాత్రంలా పలకడం వెనుక ఒక గురువున్నారు. ఆ గురువు రుద్రరాజు సుబ్బరాజు, గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద వెతుక్కునేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడమే మేలైందేమో! 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983 నాటికి బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ.

జాన్ మెక్‌లాఫ్లిన్ కథ దీనికి ఎదురుదారిలో నడిచింది. మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్, జాజ్ శ్రోతల్ని ఊపేసిన ఆ బ్రిటిష్ గిటారిస్టు, శక్తి బృందానికి వచ్చేసరికి ఎలక్ట్రిక్ గిటార్ దించి, మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించిన అకౌస్టిక్ గిటార్ పట్టారు. తీగను నొక్కి లాగి గమకం తీయడానికే ఆ పల్లాలు. శ్రీనివాస్, ఆయనా ఇద్దరూ తరువాత రిమెంబర్ శక్తి బృందంలో జాకిర్ హుస్సేన్ తబలా పక్కన కలిసి కూర్చున్నారు.

శ్రీనివాస్ తమ్ముడు యు. రాజేష్ ఆ మాండలిన్ బాణీని కొనసాగిస్తున్నారు. గిటార్ కుర్రాళ్లు శ్రీనివాస్‌ను వినదలిస్తే చప్పట్లు మోగే ద్రుతకాలపు స్వరకల్పన దగ్గర మొదలుపెట్టొద్దు. ఆయన తోడి రాగాలాపన పెట్టుకుని గాంధారం కోసం కాచుకోవాలి. తోడిలో గాంధారం ఒకచోట కుదురుగా నిలిచే స్వరం కాదు, ఊగితేనే తోడి. లోహపు మెట్లు బిగించిన వాద్యానికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు.