హజ్రత్‌కి ఎన్ని మార్కులు?

టీచర్ల ఎంపిక కమిటీల్లో కూర్చోవడం, వాళ్ల పనితీరుకు మార్కులు వేయడం చాలాకాలం నా ఉద్యోగంలో భాగం. ఆ సంగతి తెలిసే కాబోలు, తమిళనాడులో విళాత్తికుళం వైపు చిన్న ఇస్లామిక్ పాఠశాల నడిపే మిత్రుడొకాయన నాకో ఫారం చూపించి సలహా అడిగారు. ఖురాను, అరబీ చెప్పే ఉస్తాదుల (హజ్రత్ అని కూడా పిలుస్తారు) ఆధ్యాత్మిక, నైతిక స్థాయిని కొలవడానికి తయారుచేసిన ఫారం అది. 'కోపం వస్తే అదుపులో పెట్టుకుంటాను', 'పాఠానికి ముందు నా సంకల్పం సరిచూసుకుంటాను', 'పిల్లలందరినీ ఒకేలా చూస్తాను'... ఇలా వరసగా వాక్యాలు. ఒక్కోదాని ఎదుట ఐదు గళ్లు, 'ఎల్లప్పుడూ' నుంచి 'ఎన్నడూ లేదు' దాకా.

వాక్యాలు మంచివే. చిక్కల్లా ఒక్కటే. టిక్కు పెట్టేది ఉస్తాదు, ఆ కాగితం వెళ్లేది ఆయనకు జీతమిచ్చే కమిటీకి. ఇంక 'ఎల్లప్పుడూ' గడి వదిలి వేరేదాని జోలికి ఎవరు పోతారు?

ఈ గళ్ల పద్ధతిని 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ ప్రవేశపెట్టాడు. ఆయన కొలవబోయింది జనం అభిప్రాయాలను. అదే పద్ధతిలో 'నువ్వు మంచివాడివా?' అని అడిగితే జనం గొప్పలు చెప్పుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్తలకు తెలుసు. 1960లో క్రౌన్, మార్లో అనే ఇద్దరు ఆ గొప్పలు పట్టుకోవడానికే వేరే పరీక్ష తయారుచేశారు. మనిషన్నవాడు నిజాయతీగా అవుననలేని వాక్యాలు కొన్ని ఇస్తారు. వాటికీ అవునన్నవాడి మిగతా జవాబులను అనుమానంగానే చూడాలి. మత పాఠాలు చెప్పేవాళ్ల విషయంలో తిరకాసు ఇంకోటుంది. నిజంగా దైవభీతి ఉన్న మనిషి తనకు తాను మార్కులు తగ్గించుకుంటాడు, ఆయన చదివిన చదువే అలాంటిది. లేనివాడు నిండా వేసుకుంటాడు. కూడి చూస్తే ఆఖరివాడు ఫస్టొస్తాడు!

అలాగని కొలవొద్దని నేననను. ఇండోనేషియా 2005లో చేసిన ఉపాధ్యాయుల చట్టం టీచరుకు ఉండాల్సిన నాలుగు సామర్థ్యాల్లో వ్యక్తిత్వాన్నీ ఒకటిగా రాసుకుంది. అసలు మనిషిని తూచే పనిలో ముస్లిం పండితులకున్నంత అనుభవం మరొకరికి ఉందా అని నా సందేహం. ప్రవక్త మాటలను ఎవరి నోట ఎవరు విన్నారో చెప్పే హదీసు పరంపరలో ఒక్కొక్క కథకుడి నడతనూ జల్లెడ పట్టారు. ఆ శాస్త్రం పేరు జర్హ్ వ తాదీల్. 1449లో కైరోలో కన్నుమూసిన ఇబ్న్ హజర్, కథకులను 12 అంతస్తులుగా విడదీసి పుస్తకమే రాశాడు. అందులో ఎక్కడా సొంత టిక్కు లేదు. చెప్పేది తోటివాళ్లు, శిష్యులు, ఊరివాళ్లు. నడత వేరు, జ్ఞాపకం వేరు అని రెంటినీ విడివిడిగా చూశారు. రాత్రంతా నమాజు చేసే పుణ్యాత్ముడైనా సరే, మతిమరుపు ఉంటే అతని హదీసును పక్కన పెట్టారు. ఒకరిని తప్పుపడితే కారణం విప్పి చెప్పాలన్న నియమమూ చాలామంది పాటించారు. మా కమిటీల్లో 'ఆయన వైఖరి బాగాలేదండీ' అని ఒక్క ముక్కతో కొట్టేసిన పేర్లు తలుచుకుంటే ఆ నియమం విలువ తెలుస్తుంది.

ఖలీఫా ఉమర్ గురించి చెప్పుకునే కథ ఒకటుంది. ఒకడు ఇంకొకడి మంచితనానికి హామీ ఇవ్వబోతే ఉమర్ మూడు ప్రశ్నలు వేశారట. అతని పొరుగున ఉన్నావా? అతనితో ప్రయాణం చేశావా? డబ్బు దగ్గర వ్యవహారం నడిపావా? మూడింటికీ లేదనే జవాబు. అయితే మసీదులో తల వంచుతూ ఎత్తుతూ ఉండగా చూసి ఉంటావు, అతను నీకు తెలియదు పొమ్మన్నారట. ఎంపిక కమిటీలకు ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం నేను చూడలేదు.

పైపై చూపు ఎంత మోసమో చెప్పడానికి అరేబియా దాకా పోనక్కర్లేదు. కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం వచ్చే దారిలోనే ఎట్టయపురం ఉంది. తెలుగు మూలాలున్న రాజకంబళం నాయకుల ఒకప్పటి సంస్థానం అది. పదిహేడో శతాబ్దంలో ఆ ఆస్థాన కవి ఉమరు పులవర్. ఆయనకు తమిళం నేర్పిన గురువు కడిగై ముత్తు పులవర్ హిందువు. ప్రవక్త జీవితాన్ని తమిళంలో కావ్యంగా రాయమని కీళక్కరై దాత సీతక్కాది కోరితే, విషయం తెలుసుకోవడానికి ఉమరు మహాపండితుడు సదకతుల్లా అప్పా దగ్గరికి వెళ్లాడు. కట్టూబొట్టూ ముస్లింలా లేదని అప్పా చెప్పనన్నారట. తర్వాత ప్రవక్త కలలో కనిపించాకే ఆ పండితుడి మనసు మారిందని అక్కడివాళ్లు చెబుతారు. కలను నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఐదు వేల పైచిలుకు పద్యాల సీరాపురాణం మాత్రం కళ్లెదుటే ఉంది, ఆ కవి సమాధి ఎట్టయపురంలోనే ఉంది. గడ్డం పొడవు, చొక్కా పొడవు చూసి ఉస్తాదును ఎంచే కమిటీవాళ్లు బస్సు దిగి ఒకసారి అక్కడికి వెళ్లిరావచ్చు.

ఫారం సంగతి అలా ఉంచి, తరగతి చూస్తానని మిత్రుణ్ని అడిగాను. ఓ మూల చాప మీద కూర్చున్నాను. ముందు వరసలో కమిటీ పెద్ద మనవడు, వెనక వరసలో మిరపచేలో కూలికి వెళ్లే తల్లి కూతురు. అరబీలో 'హ' రెండు రకాలు, ఒకటి తేలికగా ఊపిరితో పోయేది, రెండోది గొంతు లోపలి నుంచి ఒరుసుకుంటూ రావాల్సింది. మనలాంటివాళ్ల నోటికి రెండూ ఒకటే. పిల్లవాడు తప్పాడు. హజ్రత్ తన కంఠం మీద వేలు పెట్టి పలికి, వాడి వేలు వాడి కంఠం మీద పెట్టించి మళ్లీ అనిపించారు. కాసేపటికి ఆ పాపా అదే తప్పు చేసింది. ఆయన లేచి వెనక వరస దాకా నడిచి, అదే గొంతుతో, అదే ఓపికతో అదంతా మళ్లీ చేశారు. చేతిలో చీపురుపుల్ల ఉంది, అక్షరం కింద చూపించడానికి మాత్రమే. 'పిల్లలందరినీ ఒకేలా చూస్తాను' అన్న వాక్యానికి నాకు జవాబు దొరికింది. ఒక్క పూట చూసి తేల్చేది కాదు నిజమే. నెలనెలా, చెప్పాపెట్టకుండా, వేర్వేరు మనుషులు వెళ్లి కూర్చుంటే తేలుతుంది.

పిల్లల్ని కొడతారా అన్న బెత్తం ప్రశ్న ఉస్తాదును కాదు, పిల్లల్ని అడగాలి. విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది, కానీ 2012 సవరణతో మదరసాలు, వేద పాఠశాలలు ఆ చట్టం పరిధి బయట ఉన్నాయి. అక్కడ పిల్లల ఒంటికీ మనసుకూ కాపలా ముందుగా కమిటీ బాధ్యతే. పిల్లలు ధైర్యంగా చెప్పుకునే మనిషి ఒకరు బడిలో ఉండాలి, ఆ మనిషి ఉస్తాదుకు చుట్టం కాకూడదు.

మరి ఆ ఫారం చించేయాలా? అక్కర్లేదు. 1091లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్య పదవిలో చేరిన పండితుడు గజాలీ, తాను పాఠం చెప్పేది దేవుడి కోసమా పేరు కోసమా అని తనను తాను నిలదీసుకున్నాడు. పేరు కోసమేనని తేలింది. ఒక దశలో తరగతిలో నోరు పెగల్లేదని ఆయనే రాసుకున్నాడు. 1095లో పదవి వదిలి వెళ్లిపోయాడు. ఆయనకు ఆ ప్రశ్న వేసిన కమిటీ ఏదీ లేదు. ఈ ఆత్మవిచారణను ముస్లిం పండితులు ముహాసబా అంటారు. ఆ వాక్యాలన్నీ దానికి చక్కగా పనికొస్తాయి. కాబట్టి ఫారం ఉస్తాదుకే ఇచ్చేయండి, తిరిగి అడగకండి, ఇంక్రిమెంటుతో ముడిపెట్టకండి అని మిత్రుడికి చెప్పాను.

ఇంకో మాట కూడా చెప్పాను, ఇలాంటి బడులు నడిపే అందరికీ చెబుతున్నాను. హజ్రత్ ఓర్పుకు మార్కులు వేసే ముందు మీ జీతాల రిజిస్టరు తెరవండి. పోయిన నెల జీతం ఏ తేదీన ఇచ్చారో చూసుకోండి. బాకీ ఉంటే ముందది కట్టండి.