ఎకరానికి భుజమెంత?

నెక్కొండ చుట్టుపక్కల భూమి లెక్కంతా ఎకరాలు, గుంటల్లోనే నడుస్తుంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. 121కి వర్గమూలం 11. అంటే నాలుగు పక్కలా 11 గజాలు, అడుగుల్లో చెబితే 33 ఉన్న చతురస్రం ఒక గుంట. ఇది నోటిలెక్కకే తేలిపోతుంది. మరి చతురస్రంగా ఉన్న ఎకరం చెలక ఒక్కో పక్క ఎంతుంటుంది? ఎకరమంటే 4,840 చదరపు గజాలు. ఫోన్‌లో వర్గమూలం గుర్తు నొక్కితే సుమారు 69.57 అని వస్తుంది. కాగితం మీద చేసినా అదే వస్తుంది. కానీ అదెందుకు వచ్చిందో కాగితమే చెబుతుంది.

ఎనిమిదో తరగతిలో నేర్పే భాగహార పద్ధతి ఇది. అంకెలను కుడి నుంచి జతలుగా విడదీయాలి: 48, 40. 48కి మించని పెద్ద వర్గం 36, దాని మూలం 6. అదే జవాబులో మొదటి అంకె. 48లోంచి 36 పోగా మిగిలిన 12 పక్కన 40 దించితే 1240. ఇప్పుడు 6ను రెట్టింపు చేసి 12 రాసుకోవాలి. దాని పక్కన 9 చేర్చి, వచ్చిన 129ని మళ్లీ 9తోనే గుణిస్తే 1161. రెండో అంకె 9, శేషం 79. దశాంశ బిందువు పెట్టి రెండేసి సున్నాలు దించుకుంటూ పోతే తర్వాత 5, 7 వస్తాయి.

రెట్టింపు ఎందుకు? చెలకలోనే చూద్దాం. ముందు 60 గజాల చతురస్రం గీస్తే 3,600 చదరపు గజాలు పోయి 1,240 మిగులుతాయి. భుజాన్ని 69కి పెంచాలంటే రెండు పక్కల 9 గజాల వెడల్పున పట్టీలు కలపాలి. ఒక్కోటి 540, రెండూ 1,080. మూలన మిగిలే 9 గజాల చిన్న చతురస్రం 81. మొత్తం 1,161. పట్టీలు రెండు కాబట్టే రెట్టింపు. మూల ముక్క ఉంది కాబట్టే 12 పక్కన 9 చేరింది.

ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో వర్గమూలం తీసే విధానాన్ని ఒక్క శ్లోకంలో చెప్పాడు. అందులోనూ రెట్టింపు మూలంతోనే భాగించమన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. ఋణసంఖ్య ఏ సంఖ్యకూ వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదన్నది అందులోని మాటే. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంత కష్టమైన లెక్కను మన భాషలో నేర్చుకునే దారి అలా ఏర్పడింది.

వర్గమూలం మీట లేని క్యాలిక్యులేటరుతోనూ పని జరుగుతుంది. 70 అనుకుని 4,840ని 70తో భాగిస్తే 69.14. అసలు భుజం ఈ రెంటి మధ్యే ఉండాలి. రెంటినీ కూడి సగం చేస్తే 69.57. అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ పేరుతో ఈ పద్ధతి ప్రసిద్ధం.

యంత్రాన్ని వాడుకోవాల్సిందే. అయితే 4840 కొట్టబోయి సున్నా మరిచిపోతే 22 వస్తుంది. ఒక సున్నా ఎక్కువ పడితే 220. రెండూ నిండు సంఖ్యలే, చూడటానికి నికరమైన జవాబుల్లాగే ఉంటాయి. 70 వర్గం 4,900 అని తెలిసినవారే ఆ తప్పును వెంటనే పట్టగలరు. అందుకే మీట నొక్కే ముందు అంచనా కట్టడం, నొక్కాక జవాబును దానితోనే గుణించి సరిచూసుకోవడం ప్రతి బిడ్డకూ అలవాటు చేయాలి.