మంద మళ్లే వేళ

పాత నెల్లూరు జిల్లా తీరంలో గొర్రెల కాపరికి అసలు చిక్కు ఈశాన్య రుతుపవనాల వానలతో మొదలవుతుంది. చేలల్లో నాట్లు పడతాయి, చెరువులు నిండుతాయి. జీవాలకు మిగిలేవి కట్టలు, పోరంబోకులు, మెరక బీళ్లు. సరిగ్గా అప్పుడే దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో గూడబాతులు కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. 1976 నుంచి అది పక్షుల రక్షిత కేంద్రం.

రక్షణ అనగానే మనకు కంచె గుర్తొస్తుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో 1982లో పశువుల మేతను పూర్తిగా ఆపేశారు. గొడవలు చెలరేగి పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు చనిపోయారు. ఆ తర్వాత గేదెలు లేని నీళ్లలో గడ్డి విపరీతంగా అల్లుకుని పక్షులకే చోటు కరువైంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అధ్యయనం ఈ సంగతే బయటపెట్టింది.

నేను మంద కాసినవాణ్ని కాను. అయినా కట్ట మీద మంద ఎదురైతే నా చూపు ముందు గిట్టల మీదికే పోతుంది. గిట్టలకు బురద లేదంటే ఆ కాపరికి పని తెలుసన్నమాట. వానల్లో నీటి అంచున మేసిన గొర్రెకు నత్తల వల్ల కాలేయపు జలగలు పడతాయి. బురదలో పుట్టే చిన్న దోమలు నీలి నాలుక రోగం తెస్తాయి. అందుకే తెలిసినవాడు మంచు ఆరాకే మందను వదులుతాడు, మెరకకు తోలుతాడు. అతను చూసుకునేది తన పల్ల, జొడిపి గొర్రెల ఆరోగ్యమే. దానివల్ల చెరువు గట్టు కూడా తెరిపిన పడుతుంది.

కోతలయ్యాక కొయ్యకాళ్లలోకి మంద దిగుతుంది. రాత్రి చేలో మంద కట్టించుకుని రైతు ఎరువు దక్కించుకుంటాడు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీటికి విలువ కట్టే ఊళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

వేసవిలో ఎండిన చెరువులోకి మంద వెళ్లడమే తిరకాసు. సర్కారు తుమ్మ కాయలు తిన్న జీవాల పెంటికల్లో గింజలు బతికే ఉంటాయి. తొలి వానకు చెరువులోనే ముళ్లకంప మొలుస్తుంది. కాయలను ఏరి, గింజలతో సహా మెత్తగా దంచి పెడితే మేత దక్కుతుంది, మొలక తప్పుతుంది.

కనుక చెరువు గురించి అధికారులు, రైతులు కూర్చున్నప్పుడు కాపరిని కూడా పిలవాలి. ఏ నెలలో ఏ గట్టుకు మంద రాకూడదో, ఆ నెల మేత ఎక్కడ దొరుకుతుందో కలిపి రాసుకోవాలి. రెండో మాట లేకుండా మొదటిది రాస్తే కంచె కోయడానికి ఒక్క రాత్రి చాలు.