పడుతూ ఎక్కే విద్య

2017లో రాక్ క్లైంబింగ్ చరిత్రలో రెండు పెద్ద సంగతులు సరిగ్గా మూడు నెలల తేడాతో జరిగాయి. జూన్ 3న అమెరికాలోని యోసెమిటీ లోయలో ఎల్ క్యాపిటన్ రాతిగోడను అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా ఒంటరిగా ఎక్కాడు. దాని మీద తీసిన ‘ఫ్రీ సోలో’ డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. సెప్టెంబర్ 3న నార్వేలోని ఫ్లాటాంగర్ దగ్గర ఒక గుహలో చెక్ దేశస్థుడు ఆడమ్ ఓంద్రా 45 మీటర్ల రూట్ ఒకటి పూర్తిచేశాడు. ఇతని నడుముకు తాడు ఉంది. పట్టు జారితే గాల్లో వేలాడతాడు, అంతే. మొదటిదాని గురించి కొండల వాసనే ఎరగనివాళ్లు కూడా విన్నారు. రెండోది ఆ లోకంలోనే ఉండిపోయింది.

తాడు కట్టుకుని ఎక్కడంలో గొప్పేముందని చాలామంది అడుగుతారు. ప్రాణభయాన్ని కొలమానంగా పెట్టుకుంటే ఆ ప్రశ్న సబబుగానే తోస్తుంది. కానీ కష్టం వేరు, ప్రమాదం వేరు. ఫ్రెంచి కొలత ప్రకారం హానల్డ్ ఎక్కిన దారి 7సి+ దరిదాపుల్లో ఉంటుంది. ఓంద్రాది 9సి. రెంటికీ మధ్య పది మెట్లకు పైనే తేడా. పడితే పోతామన్నప్పుడు మనిషి తనకు బాగా వచ్చిన పనే చేస్తాడు. తనకింకా చేతకాని పనిమీద చెయ్యి వెయ్యాలంటే వందసార్లు పడే వీలుండాలి. ఆ వీలు ఇచ్చేది తాడే. హానల్డ్ కూడా ఆ దారిని ముందు తాడు మీదే ఏళ్ల తరబడి సాధన చేశాడు.

ఈ పద్ధతికి ఒక పుట్టిల్లుంది. జర్మనీలో, న్యూరెంబర్గ్ పక్కన ఫ్రాంకెన్‌యూరా అనే అడవుల ప్రాంతం. చెట్ల నడుమ చిన్నచిన్న సున్నపురాతి గుట్టలు, వాటి నిండా వేలు పట్టేంత బెజ్జాలు. అక్కడివాళ్లు ఒకప్పుడు రాతిలో ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటినే పట్టుకుని, వాటిమీదే కాలుపెట్టి ఎక్కేవారు. 1975లో కర్ట్ ఆల్బర్ట్ ఆ మేకుల్ని ముట్టుకోకుండా, కేవలం రాతినే పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. లెక్కలూ భౌతికశాస్త్రమూ చదివిన మనిషి. మేకులున్నది మనిషి పడితే ఆపడానికే, పట్టుకుని లాగడానికి కాదన్నది అతని పట్టుదల. అలా పూర్తయిన ప్రతి దారి మొదట్లోనూ రాతిమీద ఎర్రరంగుతో ఒక చుక్క పెట్టేవాడు. అదే ఇవాళ ప్రపంచమంతా పాటించే ‘రెడ్‌పాయింట్’ పద్ధతి. నేల మీదినుంచి పైదాకా, ఒక్కసారి కూడా పడకుండా, తాడు మీద బరువు వెయ్యకుండా, ఒకే ఊపున ఎక్కితేనే ఎక్కినట్టు. అంతకుముందు ఎన్ని రోజులు పడ్డావు, ఎన్నిసార్లు వేలాడావు అనేది ఎవరూ అడగరు.

ఆ ‘అంతకుముందు’ కాలంలోనే అసలు విద్యంతా ఉంది. క్లైంబర్ తాడు మీద వేలాడుతూ రాతిని చదువుతాడు. ఒక్కో పట్టునూ బ్రష్‌తో తుడిచి, ఏ అంచు ఏ వేలికి కుదురుతుందో వెతుకుతాడు. కంటికి కనబడని చోట సుద్దతో చిన్న గీత పెట్టుకుంటాడు. ఒక కదలిక కుదిరాక దాని పక్కదాన్ని కలుపుతాడు. చాలామంది దారి చివరి భాగాన్నే ముందుగా నేర్చుకుంటారు, ఎందుకంటే అక్కడికి చేరేసరికి ముంజేతులు బిగుసుకుపోయి ఉంటాయి, ఆలోచించే ఓపిక ఉండదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, తాడును బోల్టుకు ఎక్కడ తగిలించాలి, చేతులకు సుద్ద ఎక్కడ రాసుకోవాలి, అన్నీ ముందే తేలిపోవాలి. ఇలా తయారైన వరస మొత్తాన్ని ‘బీటా’ అంటారు. ఒకరి బీటా ఇంకొకరికి పనికిరాకపోవచ్చు. జానెడు పొడవు తేడా ఉన్నా మొత్తం మళ్లీ అల్లుకోవాల్సిందే.

ఫ్రాంకెన్‌యూరాలోనే, 1991 సెప్టెంబర్‌లో, ఆల్బర్ట్ మిత్రుడు వోల్ఫ్‌గాంగ్ గ్యూలిష్ ‘ఆక్సియోన్ డిరెక్ట్’ అనే దారి ఎక్కాడు. 9ఎ స్థాయిలో మొట్టమొదటిదిగా ఎక్కువమంది లెక్కపెట్టేది దాన్నే. ఎత్తు 15 మీటర్లు మించదు. గోడ మాత్రం ముందుకు బాగా వాలి ఉంటుంది. మొదలే ఒక గెంతు. ఒంటి బరువంతా గాల్లోకి విసిరి, రెండు వేళ్లు పట్టే బెజ్జంలో ఆ రెండు వేళ్లనే దిగేసి ఆగాలి. తర్వాత కూడా ఒకటో రెండో వేళ్లకు చోటిచ్చే బెజ్జాలే. మనిషి వేళ్లలో కండరాలు లేవు. వేళ్లను ముడిచేవి ముంజేతి కండరాలు, ఆ లాగుడును మోసుకొచ్చేవి స్నాయువులు. ఆ స్నాయువుల్ని ఎముకకు అంటిపెట్టి ఉంచే సన్నటి కట్లు ఉంటాయి, ఒంటివేలి మీద బరువు పడితే మొదట తెగేవి అవే. అందుకే గ్యూలిష్ 1988లోనే న్యూరెంబర్గ్‌లోని ఒక జిమ్‌లో వాలు చెక్కకు అడ్డంగా సన్నటి కర్రపట్టీలు బిగించి, కాళ్లు ఆనించకుండా కేవలం వేళ్లతో వాటిమీద ఎగబాకే సాధన కనిపెట్టాడు. జిమ్ పేరు మీదుగా దానికి ‘క్యాంపస్ బోర్డ్’ అని పేరు. నేడు చిన్న ఊళ్ల క్లైంబింగ్ జిముల్లో కూడా కనిపించే ఆ చెక్కకు గ్యూలిషే మూలపురుషుడు. ‘ఆక్సియోన్ డిరెక్ట్’ ఎక్కిన మరుసటి ఏడాదే అతను కారు ప్రమాదంలో పోయాడు. ఆ దారి మాత్రం నిలిచి ఉంది. 2020లో ఫ్రాన్స్‌కు చెందిన మెలిస్సా ల నెవె దాన్ని ఎక్కిన తొలి మహిళ అయ్యింది.

ఇక ఓంద్రా దారి. హాన్స్‌హెలెరెన్ అనే ఆ గుహ కప్పు తలమీద గొడుగు పట్టినంత అడ్డంగా ఉంటుంది. ఈ దారిలో మొదటి 20 మీటర్లే 8బి, అంటే మంచి క్లైంబర్లు జీవితంలో అందుకుంటే సంబరపడే స్థాయి. అది అతనికి ఒళ్లు వేడెక్కడానికి. ఆ తర్వాత అసలు చిక్కుముడి, పది కదలికలు. కప్పులో ఒక పగులు ఉంది. దానిలో చెయ్యి పెట్టి లాగితే కుదరలేదు. చివరికి తేలిన వరస ఏమిటంటే, ఒళ్లంతా తిప్పి పాదాల్ని తలకన్నా ముందుకు పంపించడం. పాదం పగులులో ఇరికించి, దాన్ని మెలితిప్పి, తలకిందులుగా ఉండగానే ఒక వేలిని నెర్రెలో బిగించి తర్వాతి పట్టుకు చేరడం. నడుమూ తుంటీ ఎంత తిరగాలో అంతా తిరగకపోతే పాదం ఊడి వస్తుంది. ఇందులో ఏ ఒక్క కదలికా మామూలు బలంతో అయ్యేది కాదు.

దాన్ని దాటాక విశ్రాంతి దొరుకుతుంది, కానీ ఎలాంటి విశ్రాంతి! దీన్ని నీబార్ అంటారు. కాలి మునివేళ్లతో ఒక అంచును తోస్తూ, మోకాలి పైభాగాన్ని ఎదురు రాతికి ఆనించి కాలును బిగించుకోవాలి. కుదిరితే రెండు చేతులూ వదిలేసి వేలాడవచ్చు. అయితే ఆ తోపుడంతా పిక్కలే మొయ్యాలి, పిక్కలు అలిసిపోతే మనిషి కిందికి వచ్చేస్తాడు. చేతులకు విశ్రాంతి కావాలంటే పిక్కల్ని పెంచాలన్నమాట! ఓంద్రా ఆ పనే చేశాడు. అంతేకాక, క్లాస్ ఇసెలే అనే ఫిజియోథెరపిస్టు సాయంతో నేలమీద పడుకుని, కళ్లు మూసుకుని, గాల్లోనే కాళ్లూ చేతులూ కదుపుతూ ఆ వరసను మళ్లీ మళ్లీ ఒంటికి ఎక్కించుకున్నాడు. చూసేవారికి వింతగా ఉండవచ్చు. నాకు మాత్రం అతని సాధన మొత్తంలో అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం అదే.

చిక్కుముడి తర్వాత కూడా దారి అయిపోలేదు, ఇంకో రెండు కష్టమైన ముక్కలున్నాయి. అవి దాటి పైకి చేరాక, గట్టిగా అరుస్తూ ఎక్కడానికి పేరుపడ్డ ఓంద్రా నోటివెంట అరుపు రాలేదు. ఆ దారికి ‘సైలెన్స్’ అని పేరు పెట్టింది అందుకే.

ఒక దారి ఎంత కష్టమో తేల్చడానికి న్యాయనిర్ణేతలు లేరు, స్కోర్‌బోర్డు లేదు. ఎక్కిన మనిషే ఇంత కష్టమని చెబుతాడు, తర్వాత ఎక్కినవాళ్లు సరే అనో కాదనో అంటారు. 2020లో జర్మనీ క్లైంబర్ అలెక్స్ మెగోస్ ఫ్రాన్స్‌లోని సియూజ్‌లో ‘బిబ్లియోగ్రఫీ’ అనే దారికి 9సి ఇచ్చాడు. మరుసటేడు ఇటలీకి చెందిన స్టెఫానో గిసోల్ఫి దాన్ని ఎక్కి, ఇది 9బి+ అన్నాడు. మెగోస్ ఒప్పుకున్నాడు. పేరుకు పేరు, ఘనతకు ఘనత ముడిపడ్డ చోట అలా ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. అందరూ తమ బీటాను దాచకుండా పక్కవాడికి చెప్పడం కూడా ఈ సంప్రదాయంలోనే ఉంది. ఎదుటివాడు గెలిస్తే తనకు పోయేదేమీ లేదని వీళ్లకు తెలుసు.

మన దగ్గర భువనగిరి ఏకశిలను చూసినవారికి రాతి స్వభావం ఇంకో రకంగా తెలుస్తుంది. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు తొలి శిక్షణ పొందింది అక్కడే. నున్నటి గ్రానైట్ వాలు మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అరికాలి రాపిడినీ ఒంటి బరువునూ నమ్ముకుని నిలబడాలి. నార్వే గుహకూ ఆ వాలుకూ పోలికే లేదు, అయినా కొత్తవాళ్లు రెండుచోట్లా చేసే పొరపాటు ఒక్కటే. చేతులతో లాగి ఎక్కాలనుకుంటారు.

‘సైలెన్స్’ పేరుతోనే వచ్చిన చిన్న డాక్యుమెంటరీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చూసేవారికి ఒక మాట. మొదటిసారి ఎలాగూ కళ్లు చేతుల మీదికే పోతాయి. రెండోసారి పెట్టుకుని ఓంద్రా పాదాల్నే చూడండి. ఎక్కుతున్నది వాటితోనే.