ఆమ్లజని ఎక్కడిది? – ఒక సమీకరణంపై విమర్శ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో కాలువలు పారినంతకాలం నాచుకు కొదువ ఉండదు. కిరణజన్య సంయోగక్రియ పాఠమనగానే ఉన్నత పాఠశాలలో గాజుపాత్ర, గరాటు, బోర్లించిన పరీక్షనాళిక బల్లపైకి వస్తవి. హైడ్రిల్లా నాచును ఎండలో ఉంచితే బుడగలు లేస్తవి. చేరిన వాయువులో నిప్పు కణిక గల పుల్లను పెట్టితే భగ్గుమంటుంది. ప్రయోగం చక్కనిదే. చిక్కంతా దాని వెంట నల్లబల్లపై వ్రాసే సమీకరణంతో వస్తున్నది.

ఆరు బొగ్గుపులుసు గాలి అణువులు, ఆరు నీటి అణువులు కలిసి ఒక గ్లూకోజు అణువు, ఆరు ఆమ్లజని అణువులు అవుతవని ఆ సమీకరణం చెబుతుంది. జమాఖర్చుగా ఇందులో తప్పు లేదు. కాని వెలువడే ఆమ్లజని యావత్తూ నీటిదే. ఆరు ఆమ్లజని అణువులలో పరమాణువులు పన్నెండు. ఆరు నీటి అణువులలో ఉన్నవి ఆరే. తక్కినవి బొగ్గుపులుసు గాలివని తెలివిగల విద్యార్థి ఊహిస్తే తప్పు అతనిది కాదు. ఎడమవైపు పన్నెండు నీటి అణువులు వ్రాసి, క్రియలో కొత్తగా పుట్టే ఆరింటిని కుడివైపు చూపవలె. రెండువైపులా ఉన్నవి గదా అని ఆరేసి కొట్టివేయడం గణితానికి సబబే, వృక్షశాస్త్రానికి అన్యాయం.

ప్రయోగం కూడా ఈ పొరపాటుకు తోడ్పడుతున్నది. నీటిలో చిటికెడు తినేసోడా వేస్తే బొగ్గుపులుసు గాలి అంది, బుడగలు హెచ్చుతవి. ఆమ్లజని అందులోనుంచే వచ్చిందని తరగతి అంతా నిశ్చయించుకుంటుంది! నీటినుండి తీసిన ఎలక్ట్రానులను పుచ్చుకొనేది లేకపోతే నీటిని చీల్చే పని మందగిస్తుంది; చివరకు వాటిని పుచ్చుకొని చక్కెరగా మారేది బొగ్గుపులుసు గాలి. దిగువ తూము మూస్తే ఎగువ నీటి నడక ఆగుతుందని డెల్టా పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

రేపల్లె దిగువన నిజాంపట్నం మడ అడవుల బురదలో కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు పుడుతుంది. అటువంటి వాయువుతో బ్రతికే ఊదారంగు గంధక బాక్టీరియాలు వెలుతురులో ఆమ్లజనిని విడువవు, గంధకాన్ని మిగులుస్తవి. వాన్ నీల్ 1930 ప్రాంతాల ఈ పోలికనుంచే మొక్కల ఆమ్లజని నీటిదని ఊహించాడు. 1937–39లో రాబిన్ హిల్, వేరుచేసిన హరితరేణువులకు బొగ్గుపులుసు గాలి బదులు ఇనుప లవణం అందించి ఆమ్లజనిని రాబట్టాడు. 1941లో రూబెన్, కామెన్ బృందం భారమైన ఆమ్లజని గల నీటిని క్లోరెల్లా శైవలానికి ఇచ్చి చూచినది. వెలువడిన వాయువు నీటి పోలికనే తెచ్చింది.

చీల్చే తావులో నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం పరమాణువులున్నవి. నాలుగు విడతల కాంతి పడితే రెండు నీటి అణువులనుండి నాలుగు ఎలక్ట్రానులు, నాలుగు ప్రోటానులు, ఒక ఆమ్లజని అణువు వస్తవి. ఆ విడతల క్రమాన్ని 1970లో బెసెల్ కోక్ వివరించాడు. ఆ తావు నిర్మాణాన్ని 2011లో జపాను శాస్త్రజ్ఞులు సూక్ష్మంగా చూపారు.

ఉన్నత పాఠశాలకు మాంగనీసు దాకా అక్కరలేదనవచ్చు. పన్నెండు అని వ్రాసిన జవాబుపై ఎర్రసిరా పెట్టేముందు మాత్రం, కుడివైపున ఆరు నీటి అణువులున్నవేమో చూడవలె.