వ్యాసరచనా పరీక్ష – శిక్షణ విమర్శ

సమాస మనఁగా సంక్షేపము. వ్యాస మనఁగా విస్తరము. ఈ రెండు పదములు నొండొంటికిఁ బ్రతియోగులు. అట్లుండఁగాఁ గళాశాలా విద్యార్థులు పరీక్షలో వ్రాయు పత్రములందు సమాసములు విస్తారముగాఁ గలవు గాని వ్యాసము మాత్రము కానరాదు. ఇది పరిహాసమునకుఁ జెప్పిన మాట గాదు. ఈ కొఱఁతను విద్యార్థుల దోషముగా నెన్నుట మన కలవాటయినది. అది చాలవఱకు బోధకులమైన మన దోషమని చూపుటయే యీ విమర్శమున కుద్దేశము.

తెలుఁగున నీ ప్రక్రియకుఁ దొలుత నేకనామము లేదు. సామినేని ముద్దునరసింహము నాయఁడుగారు 1862లో ముద్రితమైన తమ హితసూచనిలోని రచనలను ప్రమేయము లనిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగా రుపన్యాసము లనిరి. ప్రమేయ మనఁగాఁ బ్రమాణముచే నెఱుఁగఁదగినది. ఉపన్యాస మనఁగా దగ్గఱకుఁ దెచ్చి యుంచుట. ఈ మూఁడు పేళ్లను గలిపి చూచినచోఁ బ్రక్రియాలక్షణ మంతయు నేర్పడును: ప్రమాణముతో నెఱిఁగిన విషయమును జదువరి యెదుటఁ బెట్టి విప్పి చెప్పుట. పరీక్షకుఁ గావలసినదియు నింతకంటె వేఱు గాదు.

మన శిక్షణ మెట్లున్నది? నమూనా వ్యాసములు కొన్నిటిని గంఠస్థము చేయించుచున్నాము. ప్రారంభమున నొక సూక్తి, నడుమఁ బ్రాచీనకాలపు ప్రశంస, తుదిని యువజనులకు హితవు. ఈ మూస యే విషయమునకైనను బట్టును గావున నే విషయమునకును సరిపడదు. ఒకమాఱు నేనొక తరగతికి "మా యూరి చెఱువు" అను విషయము నిచ్చితిని. ఒక విద్యార్థి రెండు పుటలు వ్రాసెను. జలమే జీవనాధారమని యారంభించి, నదీతీరముల నాగరికతలు వెలసినవని చెప్పి, నీటిని వృథా చేయరాదని ముగించెను. అందుఁ దన యూరును లేదు, చెఱువును లేదు. పిదప వానిని జేరఁబిలిచి నోటితోఁ జెప్పుమంటిని. తూము విఱిగిన యేఁడు కట్ట నెట్లు నిలుపుకొనిరో, నీరు వదలుటలో ముందెవరి వంతో, చివరి మళ్లవారి కేల తగవులు వచ్చునో, పూడిక పెరిగి రెండవ పంట యెట్లు పోయెనో వాఁడు తడఁబడక చెప్పెను. "ఇదియంతయు నేల వ్రాయలే" దని యడుగఁగా, "అవి వ్యాసములో వ్రాయవచ్చునా యండీ?" యనెను. వానికిఁ బ్రమేయము కఱవు గాదు. అది వ్రాయఁదగినదని చెప్పినవారు కఱవు.

ఈ వెఱపునకుఁ బూర్వచరిత్ర కలదు. మదరాసు విశ్వవిద్యాలయపుఁ బరీక్షలలోఁ దెలుఁగు వ్యాసము నే భాషలో వ్రాయవలె నను వివాదము పండితలోకమును గలఁచెను. 1911లో జయంతి రామయ్య పంతులుగారు స్థాపించిన యాంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికపక్షమును బూనెను. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకై పోరిరి. గురజాడ అప్పారావుగారు 1914లో విశ్వవిద్యాలయమునకుఁ దమ యసమ్మతిపత్రము నర్పించిరి. పూర్వపక్షము బలహీనము గాదు: ఎల్లరకు నొక వ్యాకరణము లేనిచోఁ బరీక్షకుఁడు దేనిని బట్టి తప్పొప్పులు నిర్ణయించును? కాని రామమూర్తి పంతులుగా రాంధ్రపండితభిషక్కుల భాషాభేషజమున గ్రాంథికవాదుల రచనలలోని స్ఖలనములనే యెత్తి చూపిరి. పండితులకే నిలుకడ చిక్కని భాషలో, గడియారమును జూచుచు, బాలుఁడు తన భావమును విప్పవలె ననుట న్యాయము గాదు. నేఁడు గ్రాంథికనిర్బంధము పోయినది; భయము మాత్రము పోలేదు. తప్పు పోవునను జంకుచే విద్యార్థి యిప్పటికిని బరుల వాక్యముల చాటుననే దాఁగుచున్నాఁడు. గ్రాంథికమున వ్రాయు నీ వీమాట చెప్పఁదగుదువా యందురేని, నాకిది యభ్యాసము, వానికిఁ బరీక్ష యని నా సమాధానము.

కర్తవ్య మేమి? మొదట విషయవాక్యమును జదువ నేర్పవలెను. "చెఱువు" వేఱు, "చెఱువుల పునరుద్ధరణ" వేఱు. మొదటిది వర్ణనము నడుగును, రెండవది కారణములను నుపాయములను నడుగును. పిదప వ్రాయఁబూనుటకు ముందే తాను కన్నవి, ఊహించి తెలిసికొన్నవి, పెద్దలవలనను గ్రంథములవలనను విన్నవి వేర్వేఱుగాఁ గుఱించుకొనఁ జేయవలెను. ప్రత్యక్షానుమానశబ్దము లను మన ప్రమాణవిభాగమే యిందుకుఁ జాలును. తుదకు దిద్దుటలో మితము పాటింపవలెను. పుట యంతయు నెఱ్ఱసిరాతో నింపినచో విద్యార్థి మార్కును మాత్రమే చూచును. ఒకమాఱు వాక్యాన్వయము, ఒకమాఱు వర్ణక్రమము, ఇట్లొక్కొక్కటిగా దిద్ది, యా వ్యాసమునే మరల వ్రాయింపవలెను.

తరగతిలో నఱువదిమంది యుండఁగా నిది సాధ్యమా, కంఠపాఠము చేసినవానికిఁ గనీసపు మార్కులైన వచ్చునుగదా యని యాక్షేపము. వచ్చుననుట సత్యమే. బలహీనుఁడైన విద్యార్థికిఁ బరీక్ష గట్టెక్కుట చిన్న విషయము గాదు. కాని ప్రశ్న కొంచెము మాఱినంతనే యా కంఠపాఠము వానిని నట్టేట విడుచును. అందఱి పత్రములను వారమువారము దిద్దలేనిచో, నాలుగింటిని దరగతిలో బిగ్గరగాఁ జదివి చర్చించినను మేలే. వినిన యఱువదిమందికిని బ్రయోజనము గలుగును.

పైఁ జెప్పిన విద్యార్థి తన చెఱువును గుఱించి మరల వ్రాసెను. అందు వర్ణక్రమదోషములు మొదటిదానికంటె నెక్కువగా నుండెను. అయినను జదివినవానికిఁ గట్టయుఁ దూమును గనఁబడెను. దోషములను దిద్దవచ్చును, వ్యాసములో లేని చెఱువును దిద్దుట యెట్లు? పండితు లీ విషయమును విచారింతురు గాక.